పేటలో ఉద్దీలు కట్టిన వేసవి

బేస్‌బాల్ అంటే ఏమిటో నాకు తెలిసేలోపే ఆ ఆట సామానంతా వచ్చి మా కొట్టు గోడౌన్‌లో కూర్చుంది. జగ్గయ్యపేటలో బడి మైదానానికి ఎదురుగా ఉన్న కిరాణా కొట్టు మాదే. నందిగామలో వ్యాయామం మాస్టారు ఒకాయన వేసవి సెలవుల్లో మా ఊరి పిల్లలకి కూడా ఆట నేర్పుతానని వచ్చి, "సామాను మీ దగ్గర ఉంచుతానండీ, రోజూ బస్సులో మోసుకు తిరగలేకపోతున్నా" అన్నారు. మా ఆయన సరేనన్నాడు. మా ఆయన ఎవరేమడిగినా సరేనంటాడు, ఆ తర్వాత చూసుకోవాల్సింది నేను. అలా కందిపప్పు బస్తాలకీ బియ్యం బస్తాలకీ మధ్య బ్యాట్లు, తోలు గ్లౌజులు, నేల మీద పరిచే రబ్బరు పలకలు చేరాయి.

మా అమ్మాయికి పదేళ్లు. సెలవులొచ్చాయంటే ఎనిమిదింటి దాకా మంచం దిగదు. అలాంటిది మొదటి రోజే చెప్పకుండా లేచి, మొహం కడుక్కుని, మైదానంలో నిలబడింది. ఏముందబ్బా ఈ ఆటలో అని నాకూ కుతూహలం పుట్టింది. పొద్దున్నే బేరాలు పలచగా ఉంటాయి కాబట్టి గల్లాపెట్టె దగ్గర కూర్చునే ఆట చూడొచ్చు.

చూసినకొద్దీ నవ్వే నవ్వు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి బంతి విసరరట. నడుమెత్తు గొట్టం ఒకటి నిలబెట్టి, దాని మీద బంతి పెడతారు. దాన్ని కొట్టి, బ్యాటు అక్కడే పడేసి, మొదటి పలక దాకా పరిగెత్తాలి. మన పిల్లలు పుట్టి బుద్ధెరిగి ఆడింది క్రికెట్టే కదా, బ్యాటు పడేయమంటే ఎవడు పడేస్తాడు? చంకలో పెట్టుకునే పరుగు. పలక దగ్గరికొచ్చి వంగి, బ్యాటు కొన దానికి ఆనించి, "నాటవుట్!" అని అరుపు. మాస్టారు తల పట్టుకుని, "నాయనా, దాన్నొదులు, అది నీ ఆస్తి కాదు" అని బతిమాలేవారు. గ్లౌజు సంగతి ఇంకోటి. కుడిచేతివాటం వాడు ఎడమచేతికి వేసుకోవాలి. వీళ్లేమో కుడిచేతికి తగిలించుకుని, బంతి పట్టాక విసరడం కుదరక, గ్లౌజు ఊడదీసి నేల మీద పెట్టి, అప్పుడు విసిరేవాళ్లు. అప్పటికి పరిగెత్తేవాడు పరిగెత్తడమే కాదు, కాస్త కూర్చుని లేచేవాడు కూడా.

అసలు గొడవ ఆటతో రాలేదు, జట్లతో వచ్చింది.

మొదటి ఆదివారం నందిగామ పిల్లలు బస్సు దిగారు. వాళ్లకి మాస్టారు ముందు నుంచే నేర్పుతున్నారు. మావాళ్లకి బ్యాటు ఎక్కడ పడేయాలో ఇంకా తెలియదు. పేట ఒక జట్టు, నందిగామ ఒక జట్టు. ఇక చూడాలి, కొట్టింది కొట్టినట్టే ఉన్నారు వాళ్లు, బంతి వెనక పరిగెత్తింది పరిగెత్తినట్టే ఉన్నారు మావాళ్లు. ఆట సగంలో ఉండగానే మావాళ్లలో చిన్నవాళ్లు ఇద్దరు గోడ నీడకి పోయి కూర్చున్నారు. మర్నాడు వాళ్లు రాలేదు. ఆ తర్వాత ఇంకొందరు రాలేదు. గెలిచిన నందిగామ పిల్లల మొహాల్లోనూ ఏమంత కళ లేదు. అది నాకు వింతగా అనిపించింది. గెలిచినవాళ్లకీ విసుగే, ఓడినవాళ్లకీ విసుగే అయితే ఇక ఆట ఎవరి కోసం?

మాస్టారుకీ అదే బాధ. "ఊళ్లవారీగా వద్దండీ, కలిపి పంచేద్దాం. ప్రతి జట్టులో సగం ఇక్కడోళ్లు, సగం అక్కడోళ్లు. ఒక జట్టు సాధన పేటలో, రెండోది నందిగామలో. కలిసి ఆడేవాళ్లు కలిసి సాధన చెయ్యాలి కదా" అన్నారు. పేట మైదానంలో సాధన చేసేది పేట జట్టు, నందిగామలో చేసేది నందిగామ జట్టు. బాగానే ఉంది. మరి పంచేదెలా? ఆయన నవ్వి, "రోజంతా తూకాలేసే చెయ్యి మీది. మీరు పంచితే ఎవరూ మాట్లాడరు మేడం" అని నా నెత్తిన పెట్టారు. మా ఆయన పక్కనే ఉన్నాడు. సరేనన్నాడు!

పప్పు తూచినంత తేలిక అనుకున్నాను, నా బొంద. ముందు పిల్లల్నే పంచుకోమన్నాం. ఇద్దరు కెప్టెన్లు ఒకరి తర్వాత ఒకరు పేరు పిలుస్తారు. బాగా ఆడేవాళ్లు చటుక్కున అయిపోయారు. మిగిలినవాళ్లు మిగులుతూ ఉన్నారు. చివరికి ఒక్కడు మిగిలితే, "వాడు మీకే", "అక్కర్లేదు, మీకే" అని కెప్టెన్లిద్దరూ పోట్లాట. ఆ పిల్లాడు నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "చాలించండ్రా, ఆ పద్ధతి ఇక లేదు" అని అక్కడికక్కడే ఆపించాను.

తర్వాత మాస్టారు పద్ధతి. పరుగు, విసురు, పట్టు, కొట్టుడు, అన్నింటికీ మార్కులేసి పంచారు. అది సక్రమంగానే తేలింది. కానీ సాయంత్రానికి తల్లిదండ్రులు మా కొట్టు ముందు చేరారు. మావాడు, పక్కింటివాడు ఒకే బండి మీద వస్తారు, విడదీయొద్దు. మా అమ్మాయికి ట్యూషన్ ఉంది, పేటలోనే ఉంచండి. మావాడికి బస్సు పడదు, కక్కుకుంటాడు. నందిగామ నుంచి ఒకాయన ఫోన్ చేసి, తన కొడుక్కి ఉన్నది అచ్చంగా ఆటగాడి చెయ్యేననీ, మార్కులు వేయడం మాస్టారుకి రాదనీ గంటసేపు చెప్పాడు. కాకి పిల్ల కాకికి ముద్దు, కాదనను. కానీ ఒక్కొక్కరికీ సరే, సరే అనుకుంటూ పోయేసరికి కొట్టేవాళ్లంతా ఒక వైపు, గ్లౌజు ఊడదీసేవాళ్లంతా ఒక వైపు తేలారు. మళ్లీ మొదటికొచ్చింది కథ.

నా తలప్రాణం తోకకొచ్చింది. మర్నాడు పొద్దున్న గల్లా దగ్గర కూర్చుని అదే ఆలోచిస్తుంటే, మైదానంలో మా అమ్మాయి, ఇంకో పిల్ల భుజాల మీద చేతులు వేసుకుని నడుస్తూ కనిపించారు. చటుక్కున గుర్తొచ్చింది. ఉద్దీలు!

మా చిన్నప్పుడు కబడ్డీకైనా, కర్రా బిళ్లకైనా జట్లు పంచింది ఏ పెద్దవాళ్లూ కాదు. మేమే ఉద్దీలు కట్టుకునేవాళ్లం. ఉద్ది అంటే ఆటలో నీకు సరిజోడు. నీకంటే ఎక్కువ కాదు, తక్కువా కాదు. ఇద్దరూ ఉద్దీలై, భుజాల మీద చేతులేసుకుని దూరంగా వెళ్లి, ఎవరికీ వినపడకుండా చెరో పేరు పెట్టుకుంటారు. తిరిగొచ్చి, కెప్టెన్లని "బంతిపువ్వు కావాలా, చామంతి కావాలా?" అని అడుగుతారు. వంతు ఉన్న కెప్టెన్ "చామంతి" అంటాడు. చామంతి ఎవరో వాళ్లు ఆ జట్టుకి, బంతిపువ్వు అవతలి జట్టుకి. అంతే. ఎవర్నీ వద్దనడం లేదు, ఎవరూ చివరికి మిగలడం లేదు. ఊళ్లవారీ సగాలు కూడా వాటంతటవే కుదురుతాయి, ఏ ఊరి పిల్లలు ఆ ఊళ్లోనే ఉద్దీ కట్టుకుంటే సరి.

మాస్టారుకి చెబితే ముందు నవ్వారు. తర్వాత, "కొత్త ఆటకి పాత పంపకమా, సరే చూద్దాం" అన్నారు. పిల్లలకి చెబితే ఒక్కసారి చెప్పడమే, పట్టేశారు. ఫోన్లు తప్ప ఏమీ తెలియవనుకుంటాం వీళ్లకి. మొక్కజొన్న, జొన్న. దోసె, ఇడ్లీ. బుల్లెట్టు, స్కూటీ. ఒక జంట అయితే వచ్చి, "విజయవాడ కావాలా, హైదరాబాదు కావాలా?" అని అడిగింది. ఊరికే పరీక్షకి పెట్టిన ఆ రోజు ఆట చివరిదాకా ఎవరిదో తెలియలేదు. బేరానికొచ్చినవాళ్లు కూడా సరుకులు మర్చిపోయి గుమ్మంలో నిలబడి చూశారు.

నాకు మాత్రం బుర్ర తొలిచేసింది. మాస్టారు అన్ని పరీక్షలు పెట్టి తేల్చిన దాన్ని ఈ బుడతలు క్షణంలో ఎలా తేల్చుకుంటున్నారు? నీ సరిజోడు ఎవరో నీకెలా తెలుసని ఒక్కొక్కర్నీ పట్టుకుని అడిగాను. "తెలుస్తుందాంటీ" అంటారంతే. ఒక కుర్రాడు మాత్రం కాసేపు ఆలోచించి, "ఒకరోజు వాణ్ని నేను ఓడిస్తా, మర్నాడు నన్ను వాడు ఓడిస్తాడు. పొద్దున్నే ఎవరితో ఆడితే ఎవరు గెలుస్తారో తెలీదో, వాడే" అన్నాడు. భలే చెప్పాడనిపించింది. పోనీ, కావాలని తనకంటే తక్కువవాణ్ని ఉద్దీ కట్టుకుంటే? ఊరుకోరు. "మీరిద్దరూ సరిపోరు, పొండి" అని చుట్టూ ఉన్నవాళ్లే తిప్పి పంపేస్తారు. ఇంకొక్క సందేహం మిగిలింది నాకు. పేర్లు ఇద్దరికే తెలుసు కదా, కెప్టెన్ కోరాక అబద్ధం చెబితే ఎవరు పట్టుకుంటారు? ఆ మాట అడిగితే పిల్లలు నన్ను విచిత్రంగా చూశారు. "ఎందుకు చెప్తామాంటీ?" అన్నారు.

మా అమ్మాయితో భుజం మీద చెయ్యేసుకుని నడిచిన పిల్లది పేట పక్కనున్న చిల్లకల్లు. వాళ్ల నాన్న ఆటో తోలతాడు. మేమంతా భాయ్ అంటాం. పొద్దున్నే పేటకి మొదటి ట్రిప్పు వేస్తూ కూతుర్ని తెచ్చి మైదానం గేటు దగ్గర దింపేవాడు. ఆట అయ్యాక తిరుగు ట్రిప్పులో ఎక్కించుకు పోయేవాడు. మా అమ్మాయీ ఆ పిల్లా నిజంగా ఉద్దీలే. పరుగులో ఇవాళ ఇది ముందైతే రేపు అది ముందు. ఆ పిల్లకి ఆటంటే ఎంత పిచ్చో చెప్పలేను. ఆటో ఆగకముందే దూకేసేది, వాళ్ల నాన్న చేత తిట్లు తినేది.

ఆదివారం ఉద్దీలు కట్టి జట్లు ఖాయం చేస్తామని మాస్టారు చెప్పారు. అది తెలియగానే కొట్టు ముందుకి మళ్లీ జనం. ఈసారి నేను గట్టిగానే చెప్పాను. "ఎవరికీ మినహాయింపు లేదు. పడ్డ జట్టులో ఆడాల్సిందే. మా అమ్మాయికైనా అంతే. ఒకళ్లకి సరేనంటే అందరికీ అనాలి, అప్పుడేమైందో చూశారుగా." ఒక్కొక్కరే జారుకున్నారు. నా మాట చెల్లినందుకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

శనివారం మధ్యాహ్నం భాయ్ వచ్చాడు. ఆటో పక్కన పెట్టి, సబ్బు, టీపొడి తీసుకుని, అక్కడే నిలబడ్డాడు.

"ఏంటి భాయ్?" అన్నాను.

"ఏం లేదమ్మా. రేపు మా పాప నందిగామ జట్టులో పడితే మానిపించేస్తా. మీరు వేరేగా అనుకోవద్దు."

"అదేంటి, బస్సులో మిగతా పిల్లలతో పాటు పంపొచ్చుగా?"

"పంపొచ్చమ్మా. తిరిగొచ్చేసరికి తొమ్మిదవుద్ది. మా ఆవిడ ఎనిమిదింటికల్లా మిరగాయల తొడిమలు తియ్యడానికి పోవాలి. మా చిన్నోడికి ఇంకా నడక కూడా సరిగ్గా రాదు, వాడు దీని చేతిలోనే ఉంటాడు. పేటలో అయితే ఎనిమిదికల్లా ఇంటి దగ్గర దింపేస్తున్నా కాబట్టి సరిపోతోంది."

పాపం అనిపించింది. అయినా నోరు నాదే కదా, అది అలవాటైన మాటే అనేసింది. "మీకొక్కరికి ఒప్పుకుంటే రేపు అందరూ నా మీద పడతారు భాయ్."

"తెల్సమ్మా. అడగడానికి రాలా. చెప్పి పోదామని వచ్చా" అని ఆటో ఎక్కాడు.

అడిగుంటే పోట్లాడేదాన్ని. అడగలేదు. మా అమ్మాయి లోపల డబ్బాల పక్కన కూర్చుని గ్లౌజుకి కొబ్బరినూనె రాస్తోంది. తలెత్తి నా వైపు చూసింది. మళ్లీ వంచుకుని రాసుకుంది. ఆ రాత్రి అన్నం దగ్గర మా ఆయనతో, "ఆ పిల్లని పేటలోనే ఉంచేద్దామా?" అన్నాను. "సరే" అన్నాడు. "సరేనంటావేంటి, మిగతావాళ్లకేం చెప్తాం?" అని ఆయన మీద విరుచుకుపడ్డాను. పాపం, ఆయన చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

ఆదివారం పొద్దున్న నందిగామ పిల్లలు కూడా బస్సు దిగారు, మైదానం నిండిపోయింది. అందరి ముందూ నేనే మళ్లీ ఆ మాట చెప్పాను, పడ్డ జట్టులో ఆడాల్సిందేనని. జంటలు గోడ దాకా వెళ్లి గుసగుసలాడి రావడం, అడగడం, కెప్టెన్ కోరడం, అవతలికి ఒకరు, ఇవతలికి ఒకరు. మా పక్కింటి పిల్ల, మా అమ్మాయి బళ్లో ఒకే బెంచీ వాళ్లు, ప్రాణ స్నేహితులు. ఆ పిల్ల పేట జట్టుకి పడి, గంతులేస్తూ వెళ్లింది. అక్కడి నుంచి మా అమ్మాయికి చేతులూపుతూ, "నువ్వూ ఇటే రావే" అని అరుస్తోంది. నేను నవ్వాను. నా కళ్లు మాత్రం చిల్లకల్లు పిల్ల మీదే ఉన్నాయి. అది ఎవరితోనూ మాట్లాడటం లేదు. గేటు బయట ఆటోకి ఆనుకుని భాయ్ నిలబడ్డాడు.

మా అమ్మాయి వెళ్లి ఆ పిల్ల భుజం మీద చెయ్యేసింది. ఇద్దరూ గోడ దాకా నడిచారు. తలలు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు ఉన్నారు. "తొందరగా తేల్చండర్రా, ఎండెక్కుతోంది" అని మాస్టారు కేకేస్తే అప్పుడు కదిలారు.

"నిమ్మకాయ కావాలా, జామకాయ కావాలా?" అంది మా అమ్మాయి.

వంతు నందిగామ జట్టు కెప్టెన్‌ది. అతను అటూ ఇటూ చూసి, "జామకాయ" అన్నాడు.

దేవుడా, ఆ పిల్ల నిమ్మకాయ అయితే బాగుండు అని మొక్కుకున్నాను. అంటే నా కూతురు నందిగామ పోవాలని మొక్కుకున్నట్టే, అది నాకు ఆ క్షణంలో తోచనే లేదు.

"నేనే జామకాయ" అని మా అమ్మాయి నందిగామ జట్టు వైపు నడిచింది.

పక్కింటి పిల్ల "అయ్యో!" అంది. చిల్లకల్లు పిల్ల మాత్రం కదల్లేదు, మాస్టారు వెళ్లి మెల్లగా పేట జట్టు వైపు తోశారు. గేటు దగ్గర భాయ్ మొహం తుడుచుకుంటున్నాడు. నా గుండె తేలికైంది. ఆ వెంటనే బరువైంది, ఇక దీన్ని తెల్లారుజామున లేపి నందిగామ బస్సెక్కించాలి, స్నేహితురాలు లేకుండా ఇది ఎన్నాళ్లు పోతుందో అని. కానీ న్యాయంగా పడింది కదా, ఏం చేస్తాం అని సర్దుకున్నాను.

కొట్టు దగ్గరికొచ్చాక దాని వాలకం చూస్తే నాకు ఆశ్చర్యమేసింది. ఏడవలేదు, అలగలేదు. చిన్న పెన్సిల్ పోతే ఇల్లు పీకి పందిరేసే పిల్ల ఇది. అడక్కుండా ఉండగలనా నేను?

"నిజం చెప్పవే. జామకాయ నువ్వేనా?"

నా మొహంలోకి చూసింది. కోప్పడతానేమోనని బేరీజు వేసుకున్నట్టుంది.

"ఎవరూ కాదు. మేం పేర్లే పెట్టుకోలేదమ్మా. ఏది నందిగామకి పడితే అది నేనే అనుకున్నాం."

"అబద్ధం ఆడావా? అందరి ముందూ?"

"మేమిద్దరం ఉద్దీలమే కదా. ఎవరెటు పోతే జట్టుకేంటి? జట్లు అంతే ఉంటాయి."

నిజమే. దాని మాటలో వంక పెట్టడానికి ఎంత వెతికినా నాకు దొరకలేదు. దొరకనందుకు ఇంకా ఉక్రోషమొచ్చింది.

"అంత కష్టం నీకెందుకే? నాకొక్క మాట చెబితే నేనే ఏదో ఒకటి చేసేదాన్ని కదా!"

"చెయ్యవు" అంది. "భాయ్ వచ్చినప్పుడు నేను లోపలే ఉన్నా."

కోపంగా అనలేదు. నిష్ఠూరంగానూ అనలేదు. పంచదార ఏ డబ్బాలో ఉందో చెప్పినంత మామూలుగా అనేసి, పొద్దున్న బస్సు ఎన్నింటికో నాన్నని అడగడానికి వెళ్లింది. నేను గల్లాపెట్టె ముందు కూర్చుని, ఎవరైనా చూస్తారేమోనన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చేశాను.